సాయంత్రమయ్యేసరికి పాపకు కడుపునొప్పి.. ఆట మాన్పించడం వల్లేనా?

ప్రశ్న: మా పాపకు 6 ఏళ్లు. ఇదివరకు బడి నుంచి రాగానే కుర్చీలు వరుసగా పేర్చి బస్సు అనేది. బొమ్మలను ఎక్కించి, తనే డ్రైవరై, తనే ప్రయాణికురాలై, తనలో తనే మాట్లాడుకుంటూ గంటల తరబడి ఆడేది. తోటి పిల్లలు చదువులో ముందుకెళ్లిపోతున్నారన్న భయంతో 4 నెలల కిందట వారానికి ఐదు సాయంత్రాలు క్లాసుల్లో చేర్పించాం. 2 నెలలుగా సరిగ్గా బయల్దేరే వేళకు బొడ్డు చుట్టూ నొప్పి అంటోంది. సెలవు రోజున మాత్రం రాదు. రక్త, మూత్ర పరీక్షలు, స్కానింగ్ అన్నీ నార్మల్. నాటకమాడుతోందా? మళ్లీ ఆటలకు వదిలేస్తే వెనకబడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: మీ పాప నాటకమాడటం లేదమ్మా. పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా ఆమెకు నొప్పి వస్తున్న మాట నిజం. పేగులకూ మెదడుకూ నరాల ద్వారా నిత్యం సమాచారం నడుస్తూ ఉంటుంది. మనసులో దిగులు ఉన్నప్పుడు, మామూలుగా మనకు తెలియకుండా జరిగిపోయే పేగుల కదలికలు కూడా నొప్పిగా తెలుస్తాయి. దీన్ని ఫంక్షనల్ కడుపునొప్పి అంటాం. బడికి వెళ్లే వయసు పిల్లల్లో మేం తరచూ చూసేదే. ‘నాకు దిగులుగా ఉంది’ అని చెప్పుకోవడం ఆరేళ్ల పిల్లకు ఇంకా చేతకాదు. ‘కడుపు నొప్పి’ అనడం వచ్చు.

అయినా రెండు విషయాలు తేల్చుకోండి. ఒకటి, మలబద్ధకం. ఈ వయసులో కడుపునొప్పికి అది చాలా మామూలు కారణం. రోజూ సాఫీగా విరేచనం అవుతోందో లేదో చూడండి. రెండోది, క్లాసులో ఎవరైనా గద్దిస్తున్నారా, తోటి పిల్లలు ఏడిపిస్తున్నారా అన్నది. నేరుగా నిలదీస్తే చెప్పదు. పక్కన కూర్చుని బొమ్మలతో ఆడుతూ ‘ఈ పాప క్లాసుకెళ్లింది, అక్కడ ఏమైంది?’ అని అడిగి చూడండి. తన నోట రాని సంగతి బొమ్మ నోట వస్తుంది.

ఇక అసలు భయం, చదువులో వెనకబడటం గురించి. మీరు రాసిన ఆ బస్సు ఆటను ఒకసారి దగ్గరగా చూద్దాం. కుర్చీ బస్సు కాదని మీ పాపకు తెలుసు. తెలిసి కూడా దాన్ని బస్సుగానే నిలబెట్టుకుంటోంది. ఒక వస్తువు మరో దానికి గుర్తుగా నిలవగలదన్న ఈ ఊహే చదువుకు మూలం. ‘క’ అన్న గీత ఒక శబ్దానికి గుర్తు. ‘5’ అన్న గీత ఐదు వస్తువులకు గుర్తు. అదే ఆటలో డ్రైవర్ ఎలా మాట్లాడాలో, ప్రయాణికురాలు ఎలా మాట్లాడాలో విడివిడిగా గుర్తుంచుకుంటోంది. బొమ్మలన్నీ ఎక్కేదాకా బస్సు కదలకూడదని తనకు తానే నియమం పెట్టుకుని, తొందరను ఆపుకుంటోంది. క్లాసులో కుదురుగా కూర్చుని చెప్పింది వినడానికి కావాల్సిన నిగ్రహం ఇలాంటి చోటే అలవాటవుతుంది. ఎవరో ‘కూర్చో’ అన్నందుకు కాకుండా, తన ఆట సాగాలి కాబట్టి ఆపుకుంటోంది. నా దృష్టిలో ఈ తేడా చాలా పెద్దది.

తనలో తను మాట్లాడుకోవడం గురించి దిగులు వద్దు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు పిల్లలు ఆలోచించే తీరే అది. ఈ మాటలే మెల్లగా లోపలికి వెళ్లి మౌనంగా సాగే ఆలోచనగా మారతాయని సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ విగోట్‌స్కీ దాదాపు 90 ఏళ్ల కిందటే వివరించారు.

నా కన్సల్టేషన్ గదిలో ఒక పెట్టె నిండా చెక్క దిమ్మెలు ఉంటాయి. తల్లిదండ్రులతో నేను మాట్లాడుతుంటే పిల్లలు వాటి దగ్గరికి చేరతారు. ఆ మధ్య నాలుగేళ్ల బాబు ఒకడు ఏడు దిమ్మెలు నిలబెట్టాడు. ఎనిమిదోది పెట్టగానే అన్నీ కూలాయి. ఒక్క క్షణం అమ్మ ముఖం చూశాడు. ఆమె ఏమీ అనలేదు. మళ్లీ మొదలెట్టి, ఈసారి అడుగున రెండు దిమ్మెలు పక్కపక్కన పెట్టాడు. కూలినది ఎందుకు కూలిందో వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ తల్లి అప్పుడు నోరు మెదపకపోవడం చూసి నాకు ఎంత సంతోషమేసిందో. మనలో చాలామంది వెంటనే ‘అలా కాదు, ఇలా పెట్టు’ అంటాం. లేదంటే ‘ఇది ఏ రంగు? ఎన్ని ఉన్నాయి?’ అని పరీక్ష మొదలుపెడతాం. దాంతో ఆట కాస్తా పాఠమైపోతుంది.

శరీరం సంగతీ ఉంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని, వారంలో 3 రోజులైనా కండరాలకు, ఎముకలకు బలమిచ్చే పరుగులు, గెంతులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కళ్లకూ మేలే. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్లలో వారిలో 30.4 శాతం మందికి దూరపు చూపు మందగించింది. అలా చేయని బడుల్లో అది 39.5 శాతం. ఈ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018లో ఆట మీద ప్రత్యేక నివేదిక ఇస్తూ, చెకప్‌కు వచ్చిన చిన్నపిల్లలకు ఆటను కూడా ప్రిస్క్రిప్షన్‌లో రాయమని డాక్టర్లను కోరింది.

నేనూ అదే రాస్తున్నాను. వారానికి ఐదు సాయంత్రాల క్లాసులను రెండుకు తగ్గించండి. ఏవి ఉంచాలో పాపనే అడగండి. మిగతా రోజుల్లో గంటసేపు ఆరుబయట, వీలైతే ఇతర పిల్లలతో ఆడనివ్వండి. ఇంట్లో ఇంకో అరగంట పూర్తిగా ఆమెది. టీవీ, ఫోన్ వద్దు. మొదటి కొన్ని రోజులు ‘బోర్ కొడుతోంది’ అంటుంది. తొందరపడి ఏదో ఒకటి చేతికివ్వకండి. పది, పదిహేను నిమిషాలు ఆగితే కుర్చీలు వాటంతటవే బస్సులైపోతాయి. ఖరీదైన బొమ్మలేమీ అక్కర్లేదు. అట్టపెట్టెలు, పాత దుప్పటి చాలు. పిలిస్తే మీరూ ఎక్కి కూర్చోండి. డ్రైవర్ మాత్రం ఆమే. కోపమొచ్చినప్పుడు ‘ఈరోజు ఆట బంద్’ అనే శిక్ష వేయకండి. రాత్రి నిద్ర 9 గంటలకు తగ్గకుండా చూసుకోండి.

నొప్పి అన్నప్పుడు కొట్టిపారేయొద్దు, కంగారూ పడొద్దు. కాసేపు ఒళ్లో పడుకోబెట్టుకుని పొట్ట నిమరండి. మాటిమాటికీ ‘నొప్పి ఉందా?’ అని అడగకండి. మాత్రలు అలవాటు చేయకండి.

అయితే నొప్పికి నిద్రలో లేవడం, బరువు తగ్గడం, ఆగని వాంతులు, మలంలో రక్తం, జ్వరం, మూత్రంలో మంట, నొప్పి బొడ్డు నుంచి కుడి పక్కకు దిగడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆడేటప్పుడు మరీ ఆయాసపడినా, ఛాతీ నొప్పి అన్నా, కళ్లు తిరిగి పడిపోయినా అంతే. ఇంతవరకు ఇష్టంగా ఆడిన ఆటల మీద పూర్తిగా ఆసక్తి పోయి, వారాల తరబడి ముభావంగా ఉన్నా చూపించాలి.

ఇవాళ్టి నుంచి ఒక చిన్న పుస్తకంలో నొప్పి వచ్చిన వేళ, ఆ రోజు క్లాసు ఉందా లేదా, విరేచనం అయిందా, ఎంతసేపు ఆడింది అన్నవి రాయండి. 4 వారాల తర్వాత కూడా తగ్గకపోతే మీ పిల్లల డాక్టర్‌ను మళ్లీ కలవండి. వెళ్లేటప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్లండి.