కాట్స్‌వోల్డ్స్ పల్లెల్లో ఒక్కరోజు సైకిల్ దారి

ప్రశ్న: లండన్‌లో ఉంటున్నాను. రోడ్డు సైకిల్‌పై ఇంగ్లండ్‌లోని కొండప్రాంతం కాట్స్‌వోల్డ్స్ పల్లెలు ఒక్కరోజులో చూడాలంటే ఏ దారి మేలు?

జవాబు: ప్యాడింగ్టన్‌లో రైలెక్కి మోర్టన్-ఇన్-మార్ష్‌లో దిగండి. సైకిల్‌కు చోటు ముందే బుక్ చేసుకోండి. బ్లాక్లీ మీదుగా చిప్పింగ్ క్యాంప్‌డెన్ చేరితే, 1627లో కట్టిన రాతి సంతమండపం తప్పక చూడాలి. లోపల నేల రాళ్లు అరిగి ఎగుడుదిగుడుగా ఉంటాయి, క్లీట్ల బూట్లు (పెడల్‌కు బిగిసే బిళ్లలున్నవి) జారతాయి.

డోవర్స్ హిల్ నుంచి వెస్టన్ సబ్‌ఎడ్జ్‌కు దిగేది నిటారు వాలు. బ్రేకులు పట్టి ఉంచకుండా విడతలుగా నొక్కండి. అక్కణ్ణుంచి బ్రాడ్‌వే దాకా దాదాపు చదునే. తర్వాత ఏ44 రహదారి ఎక్కొద్దు, లారీల రద్దీ. స్నోస్‌హిల్ దారే అందం. ఆ ఎక్కుడుకు ముందు గేరు చక్రానికి 34, వెనక పెద్ద చక్రానికి 32 పళ్లు ఉంటే మోకాళ్లకు హాయి. కాండికోట్, లాంగ్‌బరో మీదుగా తిరిగి రావచ్చు.

శరదృతువులో కంచెలు కత్తిరిస్తారు, ముళ్లు రోడ్డున పడతాయి. 28 మి.మీ. టైర్లు, రెండు అదనపు ట్యూబులు ఉండాలి. ట్యూబు మార్చేముందు టైరు లోపల జాగ్రత్తగా తడిమి ముల్లు తీయకపోతే, కొత్తదీ పంక్చరవుతుంది.