బంతికి రోగం లేదు, విత్తనంలోనే తేడా

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, చలక నేల. పోయినేడు దసరాకు హైబ్రిడ్ ముద్దబంతి వేస్తే బాగా పూసింది. ప్యాకెట్ ఖర్చు తప్పుతుందని ఎండిన పూల విత్తనం దాచి ఈసారి 20 గుంటల్లో వేశాను. సగానికి పైగా మొక్కలకు ఒంటి రేక పూలు వస్తున్నాయి. రంగూ, ఎత్తూ కూడా తేడాగా ఉన్నాయి. షాపులో వైరస్ అన్నారు. మూడు మందులు కలిపి నాలుగుసార్లు కొట్టినా మార్పు లేదు. ఆగస్టు చివర ప్రోట్రేలలో (నారు పెంచే గుంతల ట్రేలు) పెట్టిన చామంతి కొమ్మలు కూడా పదికి ఏడు మొదలు నల్లబడి కుళ్లాయి. ట్రేలలో చెరువు మట్టి, పశువుల ఎరువు నింపి రోజూ మూడు పూటలా నీళ్లు పెడుతున్నాను. ఇప్పుడేం మందు కొట్టాలి సార్?
– ఒక రైతు

జవాబు: బంతికి ఏ మందూ వద్దు. ముందు ఆ మందు పంపు కడిగి పక్కన పెట్టండి.

వైరస్ అయితే ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ కలగలిసిన మచ్చలు వస్తాయి, లేత ఆకు ముడుచుకుంటుంది. మీ ఉత్తరంలో ఆకుల గురించి ఒక్క మాట లేదు, అంతా పువ్వు గురించే. పువ్వు ఆకుపచ్చగా, ఆకులా మారిన మొక్కలు ఎక్కడైనా కనిపిస్తే మాత్రం అది ఫిల్లోడీ తెగులు. వాటిని పీకి కాల్చేయండి.

మీరు దాచింది హైబ్రిడ్ పంట గింజ. హైబ్రిడ్ గుణాలు తొలి తరానికే. ఆ గింజ మళ్లీ వేస్తే తాతముత్తాతల గుణాలన్నీ విడివిడిగా బయటపడతాయి. పైగా ఒక ముద్దబంతిని విడదీసి చూడండి. నిండా ఉండే ఆ రేకుపూలు ఆడపూలు, వాటిలో పుప్పొడి ఉండదు. పుప్పొడి ఉండేది నడుమ గొట్టాల్లాంటి చిన్న పూలలో. ముద్దబంతిలో అవి బాగా తక్కువ, ఒంటి రేకలో ఎక్కువ. తేనెటీగ అక్కడి పుప్పొడి తెచ్చి ఇక్కడ అంటిస్తుంది. ఈ ఏడు కూడా గింజ దాస్తే వచ్చే ఏడు ఒంటి రేకలు ఇంకా పెరుగుతాయి.

గింజ దాచుకోవాలనుకుంటే పూసా నారంగి, పూసా బసంతి లాంటి సూటి రకాలు (హైబ్రిడ్ కానివి) వేసుకోండి. ఇవి హైబ్రిడ్ అంత తొందరగా పూయవు, విత్తాక నాలుగు నెలలు దాటుతుంది. దసరాకు కావాలంటే మే నెలలోనే నారు పోయాలి. ఒంటి రేక అని తొలి పువ్వులో తెలియగానే ఆ మొక్కను పీకాలి. దాచిన గింజ ఏడాదికి మించి వాడొద్దు.

ఇప్పుడున్న చేనులో బాగా ముద్దగా పూసిన మొక్కలకు గుడ్డపీలిక కట్టండి. వాటి పక్క కొమ్మల్లో మొగ్గ లేనివి చూసి 8 సెం.మీ. కొసలు తుంచి తడి ఇసుకలో గుచ్చితే రెండు వారాల్లో వేర్లు వస్తాయి. తల్లి ఎలా ఉంటే పిల్లా అలాగే ఉంటుంది. ఒంటి రేక పూలు విడిగా కోసి విడిగా అమ్మండి. ముద్దబంతిలో కలిపితే మొత్తానికీ ధర పడిపోతుంది.

ఇక ఆ మూడు మందుల సంగతి. వైరస్‌ను చంపే మందు ఏ షాపులోనూ లేదు. నిజంగా వైరస్సే అనుకున్నా, ఆ షాపాయన ఏం చూసి మూడు డబ్బాలు చేతిలో పెట్టినట్టు? మొక్కను చూడకుండా మందు అమ్మేవాళ్లను, అడగకుండా కొనేవాళ్లను రోజూ చూస్తున్నాను. పత్తిలో కొట్టినట్టు పూలలో కొడితే ఎలా? ఈ పువ్వు రేపు బతుకమ్మలోకి పోతుంది. ఆడబిడ్డలు గంటలకొద్దీ చేతుల్లో పట్టుకుని పేరుస్తారు, పిల్లలు రేకులు తుంచి ఆడుకుంటారు. ఎంగిలిపూల నుంచి దసరా కోత అయ్యేదాకా చేనులో చుక్క మందు కూడా పడొద్దు.

చామంతిలో తప్పు మూడు చోట్ల ఉంది. చెరువు మట్టి నీళ్లు పట్టి ఉంచుతుంది, మాగని ఎరువు కుళ్లు తెస్తుంది, మూడు పూటల నీళ్లు ఆ రెండింటికీ తోడయ్యాయి. నల్లబడ్డవి తీసి పారేయండి. మిగిలిన వాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో ఒక్కసారి పోయండి, అంతే. పైన ఆరితేనే నీళ్లు.

ఆగస్టు చివర కొమ్మ పెట్టడమే ఆలస్యం. పగలు తగ్గేకొద్దీ చామంతి మొగ్గ మీదకు పోతుంది, వేరు మీదకు రాదు. పూత అయ్యాక ఫిబ్రవరిలో మంచి మొక్కలను జానెడు ఎత్తులో కోసి, ఎండాకాలం షేడ్‌నెట్ కింద కాపాడండి. జూన్‌లో లేత కొసలు 5–7 సెం.మీ. పొడవున, కణుపు కింద శుభ్రమైన బ్లేడుతో కోయండి. కింది ఆకులు తీసి కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టు) గుచ్చండి. వేర్ల హార్మోన్ లేకపోయినా నష్టం లేదు. వాడతానంటే 100 మి.లీ. నీటికి 100 మి.గ్రా. ఐబీఏ (ఆ హార్మోన్ పేరు) చాలు, కొద్దిగా స్పిరిట్‌లో కరిగించి ఆ నీటిలో కలపాలి. కొమ్మ మొదలు 5 సెకన్లు ముంచితే సరి. 15–20 రోజులకు వేర్లు వస్తాయి, జులైలో నాటుకోండి.

మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే, ఆకుల అంచులు మాడుతుంటే నీళ్లు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. ఆ మూడు డబ్బాల మీది పేర్లు కూడా రాసి పంపండి, ఏది దేనికి పనికొస్తుందో చెప్తాను.