వేలి మీది అంకెను చూసి నిశ్చింతపడకు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు 108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే అత్యవసర వైద్య టెక్నీషియనుగా, చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి ఒక పక్క గర్వంగానూ, ఒక పక్క గుబులుగానూ ఉంది. మీ అమ్మకు రాత్రి డ్యూటీలంటే భయం. క్యాజువాలిటీలోనే తల నెరిసిన నాకు నీ చేతికిచ్చే, వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటరంటే భయం.

గ్లవ్స్ వేసుకోవడం, ధారగా పోయే రక్తాన్ని ముందుగా అదిమిపట్టి ఆపడం, మెడ కదలకుండా చూస్తూ గాలి దారి, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ వరుసగా పరీక్షించడం శిక్షణలో నేర్పే ఉంటారు. ఆ వరుస తప్పవద్దు.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి ఒక రాత్రి, ఒకే ప్రమాదంలో దెబ్బతిన్న ఇద్దరు కుర్రాళ్లను తెచ్చారు. ఒకడు విరిగిన కాలితో వార్డు అదిరేలా అరుస్తున్నాడు. రెండోవాడి ఒంటి మీద పెద్ద గాయమే లేదు. మాస్కు పెట్టి వేలికి ప్రోబ్ తగిలిస్తే 98 చూపింది, బీపీ 110/90 వచ్చింది, దాంతో డ్యూటీ డాక్టరు ‘స్టేబుల్’ అనేసి అరిచేవాడి దగ్గరికి వెళ్లారు. ఈ కుర్రాడు మాత్రం ఎగశ్వాసతో, మాటిమాటికీ మంచినీళ్లు అడుగుతూ, చల్లని చెమటతో తడిసిపోయి ఉన్నాడు. కాసేపటికి అంకె పోయి గీతలు వచ్చాయి. ప్రోబ్ జారిందనుకుని ఎవరో దాన్ని మరో వేలికి మార్చారు, ఆ తర్వాత ఇంకో వేలికి. ప్లీహం చిట్లి పొట్టలోకి రక్తం పోతోందని తేలి, థియేటరుకు తరలించేలోపే ప్రాణం పోయింది.

మిషను పాడైపోలేదు, తల్లీ, వేలికి రక్తమే అందలేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను బస్సులనుకో. ఆ బస్సుల్లో సీట్లు నిండాయా లేదా అన్నదే మిషను చెబుతుంది గాని, డిపో నుంచి ఎన్ని బస్సులు బయల్దేరాయో దానికి తెలియదు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మి.లీ. ఆక్సిజన్‌ను మోస్తుంది, 100 మి.లీ. రక్తంలో 15 గ్రాములుంటే సుమారు 20 మి.లీ.; గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తం పంపితే ఒంటికి ఒక లీటరు ఆక్సిజన్ అందుతుంది. రక్తం పోయి గుండె పంపేది సగానికి పడితే, వేలి మీద 98 అలాగే ఉంటుంది, అందేది అర లీటరే. హిమోగ్లోబిన్ పరీక్షను కూడా మొదట్లో నమ్మడానికి లేదు, ఎందుకంటే పోయేది చిక్కటి రక్తమే, మిగిలేదీ చిక్కటి రక్తమే. మాస్కు తప్పక పెట్టు. కానీ రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో కరిగే ఆక్సిజన్ ఎంతో కొద్ది, పోయిన రక్తం లోటును అది తీర్చదు.

ఆ 110/90లోనే సంగతంతా ఉంది. రెండు అంకెల మధ్య దూరం తగ్గుతున్నదంటే రక్తనాళాలు బిగుసుకుని ఒత్తిడిని నిలబెడుతున్నాయన్నమాట. పై అంకె పడిపోయే నాటికి సుమారు మూడో వంతు రక్తం పోయి ఉంటుంది.

పొగలో చిక్కినవాడి విషయంలో అయితే ఈ పరికరం మరీ మోసం, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ పట్టినట్టే లెక్కగడుతుంది. అలాగని 90 కంటే తక్కువ చూపితే మిషనును తిట్టుకుంటూ కూర్చోకు. అక్కడి నుంచి ఆక్సిజన్ జారుడు వేగంగా ఉంటుంది, వేలికి ఆ కబురు చేరేది కూడా ఆలస్యంగానే.

చిన్నప్పుడు మార్కుల కాగితం చూసుకుని మురిసిపోయేదానివి. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. ముందు మనిషిని ముట్టుకో: చర్మం చల్లగా ఉందా, మణికట్టు దగ్గర నాడి అందుతోందా, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి వస్తోందా చూడు. ఊపిరిని అర నిమిషమైనా లెక్కపెట్టు. అందరూ అంచనాగా ఇరవై అని రాసిపారేసేది దీన్నే, నువ్వలా రాసినట్టు తెలిస్తే ఊరుకోను. లోపల రక్తం పోతోందని అనుమానం వస్తే రోడ్డు మీద ఆలస్యం చేయక బయల్దేరి, దారిలోనే ఆసుపత్రికి ఫోను చేసి చెప్పు.

మొదటి జీతంతో నాకు చీర కొంటానన్నావట, వద్దు. సెకన్ల ముల్లున్న చేతి గడియారం కొనుక్కో. రక్తం అంటిన గ్లవ్స్‌తో ఫోను తీసి చూడలేవు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ