నాక్ ఉద్యోగం అంటే స్క్రీన్ ముందు కాపలా కూర్చోవడమేనా?

ప్రశ్న: సార్, నేను కదిరిలో చిన్న కిరాణా అంగడి నడుపుతాను. మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ ఈసీఈ పూర్తి చేసింది. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీ నుంచి నాక్ (నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్) ఇంజినీర్‌గా ఆఫర్ వచ్చింది. కస్టమర్ల సర్వర్లు, నెట్‌వర్కులు సరిగ్గా నడుస్తున్నాయో లేదో స్క్రీన్ల మీద చూస్తుండాలంట. రాత్రి షిఫ్టులు కూడా ఉంటాయంట. మా బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాడు. "అది వాచ్‌మన్ పని మామా, ఆరు నెలలు ఆగి కోడింగ్ నేర్చుకోమను" అంటున్నాడు. ఇంకొకరేమో ఈ పనులన్నీ ఏఐ చేసేస్తుందంటున్నారు. ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మానిటరింగ్ టూల్స్ కోర్సుకు 65 వేలు అడిగారు. అమ్మాయి మాత్రం వెళ్తానని పట్టుబడుతోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: పంపండి. ఆ 65 వేలు మాత్రం కట్టకండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. ఈ సలహాల పనిలోకి రాకముందు నేను బెంగళూరులోనే ఏళ్ల తరబడి నాక్‌లో పనిచేశాను. ఆ రాత్రి షిఫ్టులు నాకు బాగా తెలుసు.

ముందు ఆ పనేమిటో చూద్దాం. ఒక కంపెనీకి వంద సర్వర్లు, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే స్విచ్‌లు యాభై, ఇరవై ఊళ్లలో బ్రాంచీలు ఉన్నాయనుకోండి. ఏది ఎప్పుడు ఆగిపోతుందో మనిషి ఒక్కొక్కటీ తిరిగి చూడలేడు. అందుకని మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి ఒకటి నుంచి ఐదు నిమిషాలకోసారి ప్రతి పరికరాన్నీ పలకరిస్తుంది. "ఉన్నావా? డిస్క్ ఎంత నిండింది? లైను మీద ట్రాఫిక్ ఎంత?" అని అడుగుతుంది. జవాబు రాకపోయినా, వచ్చిన అంకె హద్దు దాటినా స్క్రీన్ మీద ఎర్రగా చూపిస్తుంది. దాన్నే అలర్ట్ అంటారు. నాక్‌లో కూర్చున్నవాళ్లు ఆ అలర్ట్ చూసి, టికెట్ తెరిచి, అంటే ఫిర్యాదుగా నమోదు చేసి, తమకు చేతనైతే సరిచేస్తారు, లేకపోతే పైవాళ్లకు పంపిస్తారు.

మీ మేనల్లుడు వాచ్‌మన్ పని అన్నది ఈ చివరి వాక్యం చూసే. కొన్ని చోట్ల అది నిజం కూడా. ఎర్రగా కనబడగానే మెయిల్ ఫార్వర్డ్ చేయడం తప్ప ఇంకేమీ చేయనివ్వని నాక్‌లు ఉన్నాయి. కానీ ఆ ఎరుపు ఎందుకొచ్చిందని అడిగే మనిషికి ఇంతకన్నా మంచి బడి దొరకదు. కాలేజీ ల్యాబ్‌లో రెండు రూటర్లు ఉంటే గొప్ప. ఇక్కడ వందల పరికరాలు రకరకాలుగా పాడవడం రోజూ కళ్లారా చూస్తుంది.

ఒక సంగతి చెబుతాను. మా కస్టమర్ ఒకరు రోజూ మధ్యాహ్నం లైను స్లో అవుతోందని ఫిర్యాదు చేసేవారు. మా గ్రాఫులో చూస్తే లైను వాడకం 20 శాతం కూడా దాటడం లేదు. మేము "మా వైపు అంతా బాగానే ఉంది" అని జవాబిస్తూ పోయాం. వారాలు గడిచాయి. అప్పుడే చేరిన ఒకమ్మాయి, ఆమెది కూడా ఈసీఈనే, ఆ గ్రాఫు రంపం పళ్లలా ఎందుకుందని అడిగింది. మేము అప్పటిదాకా ఆ పళ్లను పట్టించుకోలేదు. ఆమె కూర్చుని లెక్క వేసింది. స్విచ్‌లో బైట్లు లెక్కపెట్టే కౌంటర్ 32 బిట్లది. అది సుమారు 429 కోట్ల బైట్ల దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, పాత స్కూటర్ మీటరు 99999 తర్వాత 00000కు వచ్చినట్టు. ఒక గిగాబిట్ లైను నిండుగా నడిస్తే ఆ కౌంటర్ 34 సెకన్లలో చుట్టు తిరిగిపోతుంది. మా సాఫ్ట్‌వేర్ చూసేది ఐదు నిమిషాలకోసారి. మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో దానికి తెలియదు. నిండిపోయిన లైను ఖాళీగా ఉన్నట్టు కనిపించింది. అదే స్విచ్‌లో 64 బిట్ల కౌంటర్ కూడా ఉంది. దానికి మార్చగానే అసలు బొమ్మ కనబడింది. ఆ అమ్మాయి రెండేళ్లకు నెట్‌వర్క్ టీమ్‌లోకి వెళ్లింది. మీ అమ్మాయి చదివిన ఈసీఈ దండగ అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇంకొకటి మా తప్పు. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది. ఒక రాత్రి ఒక ఊరి లైను తెగింది. దాని వెనకున్న ప్రతి పరికరం నుంచీ అలర్టు వచ్చింది, మూడు వందలకు పైగా. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పోతే ప్రతి ఇంటివాళ్లూ లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఫలానా రూటర్ పోతే దాని వెనకవాటి గురించి అరవొద్దని సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పిపెట్టవచ్చు. మేము చెప్పలేదు. ఆ మూడు వందల మధ్య ఇంకో కస్టమర్ డేటాబేస్ సర్వర్ డిస్క్ 95 శాతం నిండిందని వచ్చిన ఒక్క అలర్టు మా కంటికి ఆనలేదు. తెల్లవారుజామున డిస్క్ నిండిపోయి, పొద్దున వాళ్ల బిల్లింగ్ ఆగిపోయింది. షిఫ్టులో ఉన్న ముగ్గురం తల దించుకుని సంజాయిషీ రాశాం. అయితే తప్పంతా మా ముగ్గురిదే కాదని తర్వాత అర్థమైంది. రోజూ వందల దొంగ అలర్టులు వస్తుంటే ఎవరి కళ్లైనా అలిసిపోతాయి. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లలో ఎవరిని కదిపినా మొదట వచ్చే మాట ఇదే. ఎక్కువమంది గోల కొన్న టూల్ గురించి కాదు, దాన్ని సరిగ్గా అమర్చని తీరు గురించి. దాన్ని అమర్చడం వచ్చిన మనిషికి అందుకే అంత విలువ.

టూల్స్ సంగతికి వస్తాను, 65 వేల ప్రశ్న అక్కడే తేలుతుంది. నాగియోస్ చాలా పాతది. 1999లో నెట్‌సెయింట్ అనే పేరుతో మొదలైంది. సెట్టింగులన్నీ టెక్స్ట్ ఫైళ్లలో రాయాలి. ఒక బ్రాకెట్ మరిచిపోయినా మళ్లీ స్టార్ట్ కాదు. కొత్తవాళ్లకు విసుగొస్తుంది, నాకూ వచ్చింది. కానీ నేర్చుకునేవాళ్లకు అది మంచిదే. లోపల ఏం జరుగుతోందో ఏదీ దాచిపెట్టదు. చిన్న స్క్రిప్ట్ రాసి అది 0 ఇస్తే బాగుంది, 1 ఇస్తే జాగ్రత్త, 2 ఇస్తే ప్రమాదం, 3 ఇస్తే తెలియదు అని చెబితే చాలు, దేన్నైనా కనిపెట్టవచ్చు. లాత్వియాలో పుట్టిన జాబిక్స్ కూడా ఉచితమే. రెడీమేడ్ టెంప్లేట్లు బోలెడు. వాడేవాళ్ల అసలు ఫిర్యాదు డేటాబేస్ గురించి. పాత లెక్కలన్నీ దాచుకుంటూ పోతే అది ఉబ్బిపోయి స్క్రీన్ తెరుచుకోవడానికే ఆలస్యం అవుతుంది. జర్మనీ వాళ్ల పీఆర్‌టీజీని విండోస్ మీద ఒక్క పూటలో నిలబెట్టవచ్చు, 100 సెన్సర్ల వరకు ఉచితం. సెన్సర్ అంటే ఒక పరికరంలో కనిపెట్టి చూసే ఒక్కో అంశం. అయితే ఒక్కో పరికరానికి సుమారు పది సెన్సర్లు పట్టేస్తాయి, కాబట్టి వంద అంటే పది పరికరాలే. ఈ లెక్క తెలియక లైసెన్సు కొని, ఆరు నెలల్లో మళ్లీ కొనాల్సి వచ్చిన మేనేజర్లను చూశాను. మన పక్కనే చెన్నై కేంద్రంగా ఉన్న జోహో 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలైనప్పుడు చేసింది నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేరే. వాళ్ల ఆప్‌మేనేజర్ మన దేశంలో మధ్యస్థాయి కంపెనీలలో బాగా కనిపిస్తుంది. క్లౌడ్ మీద నడిచే కంపెనీలలోనైతే ప్రొమీథియస్, గ్రఫానా జంట. రెండూ ఓపెన్ సోర్స్.

సోలార్‌విండ్స్ గురించి మీ అమ్మాయి తప్పక చదవాలి. పెద్ద సంస్థలు వాడే టూల్ అది. 2020 డిసెంబరులో బయటపడిందేమిటంటే, హ్యాకర్లు దాని అప్‌డేట్‌లోనే దొంగ కోడ్ చొప్పించారు. ఆ అప్‌డేట్ 18 వేల వరకు సంస్థలకు చేరింది, అందులో అమెరికా ప్రభుత్వ శాఖలు కూడా ఉన్నాయి. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గర ప్రతి సర్వర్ తాళం చెవీ ఉంటుంది కదా, దొంగకు కావాల్సింది అదే. ఈ సంగతి అర్థమైన అమ్మాయి రేపు సెక్యూరిటీ వైపు వెళ్లాలన్నా దారి ఉంటుంది.

ఇన్ని పేర్లు ఎందుకు చెప్పానంటే, మీ అమ్మాయి చేరే కంపెనీలో ఇందులో ఏది ఉంటుందో మనకు తెలియదు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఒక టూల్‌లో ఏ బటన్ ఎక్కడుందో నేర్పుతారు. అది చేరిన నెలలో ఎలాగూ వస్తుంది. ఈ టూల్స్ అన్నిటికీ అడుగున ఉన్నది ఒకటే. కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి టీసీపీ ఐపీ, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్, సర్వర్లను నడిపే లైనక్స్, ఇంకా ఎస్‌ఎన్‌ఎంపీ. ఈ ఎస్‌ఎన్‌ఎంపీ 1988 నాటి పద్ధతి. పరికరాలను పలకరించడానికి ఇప్పటికీ ఎక్కువ చోట్ల అదే వాడతారు.

చేరడానికి ముందున్న వారాల్లో ఇంట్లోనే ఒక పని చేయమనండి. ల్యాప్‌టాప్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను (వర్చువల్ మెషీన్) సృష్టించే వర్చువల్‌బాక్స్ వేసి, అందులో ఉబుంటు అనే లైనక్స్ పెట్టి, దాని మీద జాబిక్స్ నిలబెట్టాలి. ఇంటి వైఫై రూటర్‌నూ, ఇంకో చిన్న వర్చువల్ మెషీన్‌నూ దానికి అప్పగించాలి. ఆ తర్వాత కావాలని పాడుచేయాలి. పెద్ద ఫైలు సృష్టించి డిస్క్ నింపాలి, రూటర్ ప్లగ్ పీకాలి. అలర్టు ఎంతసేపటికి వచ్చిందో, అసలు వచ్చిందో లేదో చూడాలి. వైర్‌షార్క్ తెరిచి ఆ పలకరింపులు లైను మీద ఎలా వెళ్తున్నాయో చూడాలి. ఇదంతా ఉచితం, ఒకటి రెండు రాత్రులు తల పట్టుకోవాల్సి వస్తుంది, అంతే. డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే చేరిన ఏడాదికి సీసీఎన్‌ఏ అనే సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ పరీక్షకు పెట్టండి. ఫీజు 300 డాలర్లు. చాలా కంపెనీలు పాసైతే ఆ డబ్బు తిరిగి ఇస్తాయి, చేరేటప్పుడే అడగమనండి.

ఏఐ గురించి మీ భయం ఊరికే వచ్చింది కాదు. అలర్టు చూసి టికెట్ తెరవడం, ఒకే కారణంతో వచ్చిన యాభై అలర్టులను ఒక్కటిగా కట్టడం లాంటి పనులు సాఫ్ట్‌వేర్ ఇప్పటికే చేస్తోంది. ఎల్-1, అంటే అలర్టు మొదట చూసే తొలి మెట్టు. ఆ పని తగ్గుతుంది, అందులో సందేహం లేదు. అందుకే ఎల్-1లో రెండేళ్లకు మించి ఉండకూడదని మొదటి రోజే అనుకోవాలి. అక్కడి నుంచి నెట్‌వర్క్ ఇంజినీర్, లైనక్స్ అడ్మిన్, క్లౌడ్ ఏదైనా కావచ్చు. బెంగళూరులో బాగా అడుగుతున్న ఎస్‌ఆర్‌ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజినీర్) అనే ఉద్యోగం కూడా ఉంది. 2003లో గూగుల్‌లో మొదలైన పద్ధతి అది. సర్వర్లు ఎలా పడిపోతాయో తెలిసి, దాన్ని కోడ్ రాసి ఆపగలవాళ్లు దానికి కావాలి. అంటే మీ మేనల్లుడు చెప్పిన కోడింగ్ కూడా అవసరమే. పైథాన్ అనే కోడింగ్ భాష మొదలుపెట్టమనండి, కానీ ఉద్యోగం చేస్తూ. ఆరు నెలలు ఇంట్లో కూర్చుని నేర్చుకున్నదానికన్నా, రోజూ చేసే విసుగు పనిని స్క్రిప్ట్ రాసి తగ్గించుకుంటూ నేర్చుకున్నది గట్టిగా నిలుస్తుంది.

ఆఫర్ ఒప్పుకునే ముందు హెచ్‌ఆర్‌ను కాకుండా, వీలైతే టీమ్ లీడ్‌ను కొన్ని అడగాలి. ఒక షిఫ్టులో ఎన్ని అలర్టులు వస్తాయి? ఏ అలర్టుకు ఏం చేయాలో రాసిపెట్టిన పుస్తకం ఉందా? ఎల్-1 వాళ్లకు పరికరాల్లోకి లాగిన్ ఇస్తారా, చూడటం మాత్రమేనా? పోయిన ఏడాది ఎల్-1 నుంచి ఎంతమంది ఎల్-2కు వెళ్లారు? చివరి ప్రశ్నకు "ఎవరూ లేరు" అని జవాబు వస్తే, చేరినా ఏడాదిలో ఇంకోటి వెతుక్కోవాల్సిందే. చేరడానికి ముందు డిపాజిట్ అడిగారంటే మాత్రం ఆ కంపెనీ వద్దే వద్దు.

రాత్రి షిఫ్టు గురించి తండ్రిగా మీకున్న దిగులు నాకు అర్థమవుతుంది. రాత్రిపూట ఆడవాళ్లతో పని చేయించుకునే ఐటీ సంస్థలు వాళ్లకు రవాణా, భద్రత కల్పించాలని కర్ణాటకలో నిబంధన ఉంది. క్యాబ్ పీజీ గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీదే దింపుతుందా అని అడగండి. షిఫ్టు వారానికోసారి మారితే నిద్ర కుదరదు, నెలకోసారి మాత్రమే మారితే ఒళ్లు అలవాటు పడుతుంది. పీజీ మాత్రం ఆఫీసు దగ్గరే చూడండి. మన తిండి దొరుకుతుందని చాలామంది మారతహళ్లిలో దిగుతారు, కానీ అక్కడి నుంచి సిల్క్ బోర్డ్ దాటి ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ తిరగడమంటే మనిషి అలిసిపోతుంది. పగలు నిద్రపోవాలి కాబట్టి గదిలో ఇంకో రాత్రి షిఫ్టు అమ్మాయే ఉండేలా చూడండి. పగటి ఉద్యోగం అమ్మాయితో గది పంచుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు.

మీరు బాండు సంగతి రాయలేదు. ఆఫర్ లెటర్‌తో పాటు ఎన్నేళ్లు ఉండాలని, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలని ఏదైనా కాగితం ఉందేమో అమ్మాయిని అడగండి. ఉంటే సంతకం పెట్టకముందే నాకు పంపండి, ఇద్దరం కలిసి చదువుదాం.