పవర్ రేంజర్స్ సినిమాల్లో పిల్లలకు ముందు ఏది చూపించాలి?

మీరు అడిగింది ఇది: మీరూ మీవారూ చిన్నప్పుడు టీవీలో పవర్ రేంజర్స్ (మామూలు కుర్రాళ్లు రంగు డ్రెస్సుల్లోకి మారి రాక్షసులతో పోరాడే సీరియల్) చూసి పెరిగారు. ఇప్పుడు ఏడేళ్ల బాబుకు సినిమా చూపిద్దామంటే 1995ది, 1997ది, 2017ది అని మూడు కనబడుతున్నాయి. సీరియల్ అస్సలు చూడని పిల్లాడికి ఏది ముందు పెట్టాలి, భయపడేవి ఏమైనా ఉన్నాయా అని.

1995ది పెట్టండి. 2017ది ఇప్పుడే వద్దు. 2025 దసరా సెలవుల్లో మా అక్క పిల్లలకు ఈ రెండూ పెట్టాను. బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు ఆరు. బొమ్మ బాగుంటుంది కదా అని ముందు కొత్తదే పెట్టి తప్పు చేశాను. మీకు అలా కాకూడదని కాస్త వివరంగా రాస్తున్నా.

మాది మిర్యాలగూడ. నాన్న ఉప్పుడు బియ్యం మిల్లులో గుమస్తా, మిల్లు వెనకాలే మా ఇల్లు. ఉడికించిన వడ్లు ఆరబోయడానికి పెద్ద సిమెంటు కల్లం ఉండేది. సాయంత్రం వడ్లు ఎత్తేశాక ఆ కల్లం మాదే. అప్పట్లో టూన్ డిస్నీ చానెల్లో జెటిక్స్ అని పిల్లల ప్రోగ్రాముల వరస వచ్చేది, మీకూ గుర్తుండే ఉంటుంది. అందులో పవర్ రేంజర్స్ ఎస్పీడీ అనే సీజన్ తెలుగులో చూసేవాళ్లం. అది అయిపోగానే నేను, తమ్ముడు, మిల్లు హమాలీల పిల్లలు ముగ్గురు కల్లం మీద వరసగా నిలబడి "ఎస్పీడీ ఎమర్జెన్సీ" అని అరిచేవాళ్లం. పొద్దంతా ఎండకు కాలిన సిమెంటు, అరికాళ్లు చురుక్కుమంటున్నా చెప్పులు వేసుకునేవాళ్లం కాదు, చెప్పులతో కల్లం తొక్కితే మేస్త్రీ తిట్టేవాడు. నేను ఎల్లో రేంజర్ని. అక్క పసుపు చున్నీ నడుముకు కట్టుకునేదాన్ని. సీరియల్లో ఎల్లో రేంజర్ జెడ్ ఒక్కతే చాలామందిగా మారిపోగలదు, అందుకే ఆమె అంటే నాకు అంత ఇష్టం.

ఎస్పీడీ కథ జరిగేది 2025లో. "అప్పటికి నీకు ఇరవై తొమ్మిది, నాకు ఇరవై ఏడు" అని తమ్ముడు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. ఆ 2025 వచ్చింది. అందుకే ఆ దసరాకు పిల్లలకు పవర్ రేంజర్స్ చూపించి తీరాలని నేనే పట్టుబట్టాను.

ఇక 2017 సినిమా. నాకు ఆ సినిమా చాలా ఇష్టం, చెడ్డదని చెప్పడం లేదు. ఇంజినీరింగ్‌లో ఉండగా తమ్ముడితో హైదరాబాద్‌లో హాల్లో చూశాను. మా వెనక సీట్లో ఒక చిన్న పిల్లాడు ఇంటర్వెల్ దాటాక కూడా "డాడీ, డ్రెస్ ఎప్పుడేసుకుంటారు?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ పిల్లాడు అడిగిందే అసలు సమస్య. సినిమా రెండు గంటల పైన ఉంటుంది. అందులో రేంజర్లు డ్రెస్సుల్లోకి మారేది దాదాపు గంటన్నర అయ్యాక. అప్పటిదాకా ఐదుగురు టీనేజ్ పిల్లలు, వాళ్ల ఇళ్లలో గొడవలు, వాళ్ల తప్పులు. ఒకమ్మాయి స్నేహితురాలి ప్రైవేట్ ఫొటో వేరేవాళ్లకు పంపి బాధపడుతుంటుంది. మొదట్లోనే ఎద్దు మీద ఒక అసభ్యమైన జోక్ ఉంది. మా బాబు "ఏంది చిన్నమ్మా అది?" అంటే నేను గబగబా ముందుకు జరిపాను. విలన్ రీటా బంగారం కోసం మనుషుల్ని చంపే సీన్లు చీకట్లో ఉంటాయి, పెద్దవాళ్లకే ఒళ్లు జలదరిస్తుంది. అమెరికాలో దానికి ఇచ్చిన రేటింగ్ కూడా పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్త పడాలని చెప్పేదే.

మావాళ్లు అరగంట కూర్చున్నారు. పాప లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. బాబు మర్యాదకు కూర్చున్నాడు, చూపు మాత్రం కిటికీ మీద. నేను ఆపేశాను.

మర్నాడు 1995ది పెట్టాను. అది గంటన్నర సినిమా. మొదలవడమే ఆరుగురూ విమానం లోంచి దూకుతారు. కాసేపటికే ఐవాన్ ఊజ్ అనే విలన్ గుడ్డు లాంటి పెట్టెలోంచి బయటకొస్తాడు, వాడి మనుషులతో ఫైట్ మొదలైపోతుంది, రేంజర్లు మారిపోతారు. పిల్లలు ఎదురుచూసేది ఆ మారే క్షణం కోసమే. మామూలు పిల్ల ఒక మాట అరవగానే వేరే మనిషైపోవడం కోసం. కల్లం మీద మేం రోజూ ఆడుకున్నది కూడా అదే, ఫైట్ రెండు నిమిషాలే ఉండేది. 1995 సినిమా ఆ క్షణాన్ని ముందే ఇచ్చేస్తుంది. తర్వాత వాళ్ల శక్తి లాగేసుకుంటుంది, అప్పుడు పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది. 2017ది ఆ క్షణాన్ని చివరిదాకా దాచింది. పవర్ రేంజర్స్ మీద ముందే ప్రేమ ఉన్న మనలాంటివాళ్లకు ఆ ఎదురుచూపు బాగుంటుంది. కొత్తగా చూసే పిల్లాడికి తాను దేనికోసం ఎదురుచూడాలో కూడా తెలియదు.

సీరియల్ చూడకపోతే అర్థమవుతుందా అన్నారు. అవుతుంది, కానీ సినిమా ఎవరినీ పరిచయం చేయదు. మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు మీరే చెప్పండి. జోర్డాన్ అనే పెద్దాయన గాజు గొట్టంలో ఉండి వీళ్లకు దారి చెప్తాడు, ఆల్ఫా అనే రోబో ఆయనకు సాయం, రీటా, లార్డ్ జెడ్ పాత శత్రువులు. ఇంతే చాలు. పైగా ఈ సినిమా కథ సీరియల్‌తో అతుక్కోదు. నింజా శక్తులు వచ్చే వైనం సీరియల్ మూడో సీజన్‌లో ఇంకో రకంగా ఉంటుంది. కాబట్టి తర్వాత సీరియల్ మొదలుపెట్టినా ఇబ్బంది లేదు, "మళ్లీ ఎందుకు ఇట్లయింది?" అని బాబు అడిగితే అది వేరే కథ అని చెప్పండి.

మావాడు అడిగిన ఇంకో ప్రశ్న మీవాడూ అడుగుతాడు. సినిమా చూశాక పాత సీరియల్ ఎపిసోడ్ ఒకటి పెడితే "డ్రెస్సులు ఎందుకు వేరే ఉన్నయ్?" అన్నాడు. జవాబు నాకు భలే నచ్చుతుంది. జపాన్‌లో 1975లో సూపర్ సెంటాయ్ అని రంగురంగుల టీముల సీరియళ్లు మొదలయ్యాయి. 1992లో డైనోసార్లతో వచ్చిన జురేంజర్ అనే దాన్ని తీసుకుని, హెల్మెట్లు పెట్టుకున్న ఫైట్లు జపాన్‌వే ఉంచి, మొహాలు కనబడే కథ అమెరికా వాళ్లతో తీసి 1993లో పవర్ రేంజర్స్ మొదలుపెట్టారు. జపాన్ సీరియల్లో పసుపు డ్రెస్ వేసుకున్నది మగవాడు. అమెరికాలో ఆ పాత్ర ట్రీనీ అనే అమ్మాయికి ఇచ్చారు. అందుకే పింక్ రేంజర్ డ్రెస్‌కు స్కర్ట్ ఉంటుంది, ఎల్లోకు ఉండదు. చిన్నప్పుడు తమ్ముడు "ఎల్లో అబ్బాయిల రంగు" అని నాతో పోట్లాడేవాడు. వాడన్నదాంట్లో ఒక వంతు నిజముందని పెద్దయ్యాక తెలిసింది. అయినా నేను పసుపు చున్నీ ఇచ్చేదాన్ని కాను.

1995 సినిమాకు మాత్రం జపాన్ ఫైట్లు వాడలేదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో అంతా కొత్తగా తీశారు. మెత్తటి గుడ్డ డ్రెస్సుల బదులు కవచాల్లాంటివి చేయించారు, జోర్డ్‌లను, అంటే రేంజర్లు నడిపే పెద్ద రోబోలను, కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో చేశారు. ఆ గ్రాఫిక్స్ ఇప్పుడు చూస్తే పాతగా ఉంటాయి. మా పిల్లలు దాన్ని అసలు పట్టించుకోలేదు.

వాళ్లు పట్టించుకున్నది జంతువుల్ని. శక్తి పోయాక ఆరుగురూ ఫేడోస్ అనే గ్రహానికి వెళ్తే డల్సియా అనే యోధురాలు ఒక్కొక్కరికీ ఒక్కో జంతువును ఇస్తుంది. తెల్ల రేంజర్ టామీకి డేగ, పింక్‌కు కొంగ, నీలానికి తోడేలు, ఎరుపుకు కోతి, పసుపుకు ఎలుగుబంటి, నలుపుకు కప్ప. కప్ప వచ్చిన ఆడమ్ మొహం మాడ్చుకుంటాడు. మావాడు అక్కడ సినిమా ఆపించి ఇంట్లో అందరికీ జంతువుల్ని పంచాడు.

అది సద్దుల బతుకమ్మ ముందురోజు. మా తల్లిగారింట్లో వరండా నిండా పూలే. అమ్మ గునుగు పూల కొసలు సమంగా కత్తిరించి కట్టలు కడుతోంది, నేను, అక్క వాటిని రంగు నీళ్లలో ముంచి పాత పేపర్ మీద ఆరబెడుతున్నాం. టీవీ ఎదురుగానే ఉంది. పిల్లలిద్దరి వేళ్లు అప్పటికే గులాబీ, నీలం. సినిమా సగంలో ఉండగా పాప పూలు వరసగా పేర్చడం మొదలుపెట్టింది. ముంచని తెల్ల గునుగు టామీ. గులాబీది కింబర్లీ. నీలంది బిల్లీ. ఎర్రది రాకీ. పసుపుకు రంగు అక్కర్లేదు, తంగేడు పువ్వు ఉంది కదా, అది ఐషా. చివరికి నల్లది లేదని ఆగిపోయింది. "అమ్మమ్మా, నల్ల రంగు లేదా?" అంది. "బతుకమ్మకు నలుపు పెట్టర్రా బిడ్డా" అంది అమ్మ. "మరి ఆడమ్ ఎట్ల?" అని పాప మొహం చిన్నబోయింది. అమ్మ కాసేపు చూసి ఒక గుమ్మడి ఆకు కోసిచ్చి "కప్ప అన్నవు కదా, కప్ప పచ్చగనే ఉంటది" అంది. అమ్మకు సినిమా కథ అంతా ఎక్కిందని అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్ల నాటి ఇంగ్లిష్ సినిమాను నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్తుంటే మూడు తరాల వాళ్లు విన్నారు. మీవాడికి ఇంగ్లిష్ అంత రాకపోతే మీరూ అలాగే చెప్పండి. టీవీ సౌండ్ కాస్త తగ్గిస్తే చాలు.

భయం సంగతి. రెండు చోట్ల మీరు పక్కన ఉండాలి. ఒకటి, ఐవాన్ రేంజర్ల స్థావరం కమాండ్ సెంటర్‌ను ధ్వంసం చేస్తాడు, జోర్డాన్ గాజు గొట్టం పగిలి ముసలాయనలా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మా పాప "ఆ తాత సచ్చిపోతడా?" అని నా చెయ్యి పట్టుకుంది. బతుకుతాడని నేను ముందే చెప్పేశాను, కథ తెలిసిపోయినా ఫర్వాలేదనిపించింది. రెండోది ఇంకా గట్టిది. ఐవాన్ ఊదారంగు జిగురు డబ్బాలు పిల్లలకు పంచుతాడు. అది ముట్టుకున్న తల్లిదండ్రులు వాడికి బానిసలై, సొంత పిల్లల్ని కూడా గుర్తుపట్టకుండా గుంతలు తవ్వుతుంటారు. చివర్లో వాళ్లను అంచు మీది నుంచి దూకేయమంటాడు. ఫ్రెడ్ అనే పిల్లాడు, ఇంకొందరు పిల్లలు వాళ్లను ఆపుతారు. రాక్షసుల ఫైట్లకు నవ్విన మావాడు ఇక్కడ మాత్రం లేచి వెళ్లి అక్క ఒళ్లో కూర్చున్నాడు. రాక్షసుడు వస్తే పిల్లలు తట్టుకుంటారు, అమ్మ గుర్తుపట్టకపోతే తట్టుకోలేరు. ఆ సీన్ రాబోతోందని తెలిస్తే మీరు సమయానికి దగ్గరగా జరిగి కూర్చోవచ్చు.

ఇంకోటి, చూసినవెంటనే తన్నుకుంటారు. మా ఇంట్లో పది నిమిషాల్లో మెట్ల మీద మొదలైంది. ఇది కొత్త బెంగ కాదు. పిల్లలు కొట్లాటలు నేర్చుకుంటున్నారని న్యూజిలాండ్‌లో 1994లోనే సీరియల్ ఆపేశారు. చిత్రం ఏమిటంటే 2003 నుంచి అదే న్యూజిలాండ్‌లో షూటింగ్ చేశారు, మనం చూసిన ఎస్పీడీ కూడా అక్కడ తీసిందే. నేను పెట్టిన నియమం ఒకటే: తన్నులు గాలికి, మనిషికి తగిలితే ఆ రేంజర్‌కు ఆ రోజు శక్తి లేదు. తమ్ముడికీ నాకూ కల్లం మీద మేస్త్రీ పెట్టిన నియమమే అది. రెండు రోజులు పనిచేసింది.

1997ది టర్బో. అందులో పన్నెండేళ్ల జస్టిన్ నీలం రేంజర్ అవుతాడు, పిల్లలకు అది బాగా నచ్చుతుంది. కానీ అది ఒక సీజన్‌కూ ఇంకో సీజన్‌కూ మధ్య అతుకు. సీరియల్ కొంత చూశాకే పెట్టండి. 2023లో ముప్పై ఏళ్ల సందర్భంగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన గంటలోపు స్పెషల్ మాత్రం మీకూ మీవారికీ. పాత నీలం, పాత నలుపు మళ్లీ వస్తారు. ట్రీనీగా చేసిన తుయ్ ట్రాంగ్ 2001లో కారు ప్రమాదంలో చనిపోయింది, ఆమెను తలుచుకుంటూ తీశారు. నేను దాన్ని ఒంటరిగా చూసి చాలాసేపు లేవలేకపోయాను.

2017ది బాబుకు పన్నెండు, పదమూడు వచ్చాక చూపించండి. తప్పక చూపించండి. అందులో బిల్లీ తనకు ఆటిజం ఉందని ఎర్ర రేంజర్ జేసన్‌తో మామూలుగా, సిగ్గుపడకుండా చెప్తాడు. మంట చుట్టూ కూర్చుని తమ సంగతులు ఒకరికొకరు చెప్పుకునే సీన్ ఆ వయసు పిల్లలకు బాగా పడుతుంది. జోర్డాన్‌గా చేసిన బ్రయాన్ క్రాన్‌స్టన్ 1993 సీరియల్లో రాక్షసులకు గొంతు ఇచ్చినవాడే, అది కూడా చెప్పండి. బిల్లీ చనిపోయే చోట ఒక్క నిమిషం ఆగండి, తిరిగి లేస్తాడు. ఆ తర్వాతే అందరూ మారతారు. జోర్డ్‌లు పరుగెత్తుతుంటే పాత పాట ముక్క ఒకటి వస్తుంది. హాల్లో మా తమ్ముడు ఆ పాట దగ్గర సీట్లోంచి లేచి నిలబడ్డాడు, పంతొమ్మిదేళ్ల మనిషి, నడుముకు చున్నీ కూడా లేదు.