బొంతకు చాలని ముక్కలు

కుట్టుపని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు గోనెసంచి నిండా పోగయ్యాయి. వాటిని అతికి, లోపల మెత్త పెట్టి, వంటింట్లోకి నాలుగు మసిగుడ్డలు కుట్టాను. రెండింటి అంచులు అలల్లా వంకర తిరిగాయి. ఇంకొకదానితో మూకుడు దించితే చెయ్యి చురుక్కుమంది, లోపల ఏదో కరిగి గట్టిపడింది. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ కుట్టులో లోపం లేదమ్మా. రెండు పొరపాట్లూ సూది పట్టకముందే, సంచిలోంచి ముక్కలు ఏరేటప్పుడే జరిగాయి.

అంచులు వంకర తిరగడానికి కారణం క్రాస్ కటింగ్ అయి ఉంటుంది. జాకెట్ ముందుభాగాన్ని ఏటవాలుగా కత్తిరించినప్పుడు మిగిలే ముక్కల అంచులు పడుగు (నిలువు పోగు) వెంటా ఉండవు, పేక (అడ్డపోగు) వెంటా ఉండవు. ఆ అంచునే ఆధారం చేసుకుని చదరం కత్తిరిస్తే, బల్ల మీద ఉన్నంతసేపు అది చదరంగానే కనిపిస్తుంది గానీ, మిషను పాదం కిందికి వెళ్లగానే సాగుతుంది, ఇస్త్రీ పెట్టెతో తోస్తే మరికొంత సాగుతుంది. అందుకని ముందుగా ప్రతి ముక్కలోనూ ఒక పోగును సూదిమొనతో లేపి, తెగకుండా మెల్లగా లాగండి. పోగు పోయిన చోట సన్నని గీత కనిపిస్తుంది. దాని వెంబడి ఒక అంచు కత్తిరించి, తక్కిన మూడింటినీ ఆ అంచును బట్టి గీసుకోవాలి. ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెను ఒత్తి ఎత్తాలే తప్ప గుడ్డ మీద జరపకూడదు.

కరిగిన పదార్థం పాలిస్టర్. మెత్తకోసం బజారులో అమ్మే తెల్లటి షీట్లలో చాలావరకు అదే ఉంటుంది. టూ బై టూ పేరుతో దొరికే జాకెట్ గుడ్డల్లోనూ పాలిస్టర్ కలిసిన రకాలు ఉన్నాయి, వాటిని చేత్తో తడిమి తేల్చలేం. స్టీలు పళ్లెం మీద, పట్టకారుతో నాలుగు పోగులు పట్టుకుని అంటించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి పూసలా తయారవుతుంది. వంటింటి వస్తువుల్లో పైగుడ్డ, మెత్త, అడుగుగుడ్డ మూడూ నూలువే ఉండాలి. ఈ విషయంలో సర్దుకుపోవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కాలేది చెయ్యి.

మళ్లీ కుట్టేటప్పుడు 3 అంగుళాల చదరాలు 9 తీసుకోండి. కుట్టులోకి పావు అంగుళం చొప్పున పోగా, మూడు వరుసలూ కలిపితే 8 అంగుళాల చదరం వస్తుంది. లోపల పాత టర్కీ తువ్వాలు రెండు పొరలుగా వేసి, మధ్య నుంచి అంచులవైపు టాకాలు (తాత్కాలికంగా వేసే పొడవాటి కుట్లు) వేసుకుని, ఆ తర్వాతే అంగుళానికొక వరుసగా కుట్టండి. అంచులవైపు నుంచి మొదలుపెడితే లోపలి గుడ్డ మధ్యకు చేరి ఉబ్బుతుంది. చుట్టూ వేసే పట్టీని నిలువు పోగు వెంటే కత్తిరించవచ్చు. మూలలు గుండ్రంగా ఉంటేనే క్రాస్ పట్టీ కావాలి. ఎంత మందంగా కుట్టినా, తడిసిన మసిగుడ్డతో వేడిగిన్నె పట్టుకోకండి. తడి గుడ్డలోంచి వేడి చాలా త్వరగా చేతికి చేరుతుంది.

ప్రశ్న: నాకు మిషను లేదు. నా దగ్గరున్నవన్నీ వంకరటింకర పీలికలు, చదరాలు తీయడానికి చాలవు. పారేయడానికి మనసొప్పడం లేదు.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: పారేయకండి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు కుట్టే కవంది అనే బొంత ఇలాంటి పీలికలకే తగినది. ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి అయిన ఈ స్త్రీలు పాత చీరను అడుగున పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, పీలికల కొసలను వేళ్లతో లోపలికి మడుస్తూ, అంచు వెంట చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుకుంటారు. అతకడం, మెత్తను కలిపి కుట్టడం ఒకే సూదితో ఒకేసారి జరిగిపోతాయి కాబట్టి చదరాల లెక్క అక్కరలేదు. చివర నాలుగు మూలల్లోనూ మడతపెట్టిన చిన్న ముక్కలు కుడతారు. వాటిని ఫులా, అంటే పువ్వు అంటారు. అవి లేకపోతే బొంత పూర్తయినట్లు కాదని వారి భావన.

మీరు పీట మీద వేసుకునే 14 అంగుళాల మెత్తతో మొదలుపెట్టండి. మా అమ్మమ్మ బొంతలో కుట్లు బియ్యపుగింజంత పొడవుండేవి. ఆ కొలత ఇప్పటికీ నా చేతికి అలవాటు. అంతకన్నా పొడవైతే కాలిపట్టీలకు తగులుకుని తెగుతాయి.

కుట్టే ముందు ముదురు రంగు ముక్కలను తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. ఒకసారి నేను ఎర్రటి కలంకారీ ముక్క పక్కన తెల్లటి మల్లు (పలుచని నూలుగుడ్డ) ముక్క పెట్టి సంచీ కుట్టాను. మొదటి ఉతుకులోనే తెలుపంతా గులాబీ రంగుకు తిరిగింది, మూడు రోజుల శ్రమ పోయిందని ఎంతో బాధపడ్డాను.

ప్రశ్న: పట్టు జాకెట్ల ముక్కలను నూలు ముక్కలతో కలపవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తరచూ ఉతికే వస్తువుల్లో వద్దు. నగలు దాచుకునే చిన్న సంచులు కుట్టండి. పట్టు కొసలు త్వరగా పోగులు ఊడతాయి కనుక, ప్రతి ముక్క వెనక మల్లు గుడ్డ వేసి, చుట్టూ టాకాలతో బిగించి, అప్పుడు అతకాలి. మిషనుకు 11వ నంబరు కొత్త సూది వేసుకోండి. మొద్దుబారిన సూది జరీ పోగును పట్టి లాగేస్తుంది.