ఫ్రెంచి పిల్లలకు ఇంగ్లిష్ క్రియల మూడు రూపాలు గుర్తుండాలంటే?

ఫ్రెంచి మాట్లాడే పిల్లలకు ఇంగ్లిష్ క్రియల పట్టిక ఎంత బట్టీ పట్టించినా నిలవడం లేదని అడిగారు.

ముందు పట్టికలోని ఏ నుంచి జెడ్ వరస వదిలేయండి. ఒకేలా మోగే క్రియలను ఒకచోట చేర్చండి. ఇది వాళ్లకు కొత్తేమీ కాదు. ఫ్రెంచిలో ‘ప్రాండ్ర్’ (తీసుకోవడం) క్రియకు మూడో రూపంగా ‘ప్రి’ వస్తే, ‘అప్రాండ్ర్’ (నేర్చుకోవడం)కు ‘అప్రి’, ‘కోంప్రాండ్ర్’ (అర్థం చేసుకోవడం)కు ‘కోంప్రి’ వాళ్ల నోటికి వాటంతటవే వస్తాయి. ఆ అలవాటునే వాడుకోండి.

తేలికైన గుంపు కట్, పుట్, హిట్: మూడు రూపాలూ ఒకటే, ఒక్క రోజు చాలు. కమ్–కేమ్–కమ్, రన్–ర్యాన్–రన్ జంటగా చెప్పేయండి.

అసలు శ్రమ సింగ్–స్యాంగ్–సంగ్ గుంపు దగ్గరే. డ్రింక్, స్విమ్, బిగిన్, రింగ్ ఇందులోవే. ‘డ్ర్యాంక్’, ‘డ్రంక్’ మధ్య ఉన్న అచ్చుల తేడా ఫ్రెంచిలో లేదు కాబట్టి రెండూ వాళ్ల చెవికి ఒకటే అనిపిస్తాయి. రాయించే ముందు పైకి పలికించండి, చాలాసార్లు. ఇక్కడే ఇంకో చిక్కు: ‘బ్రింగ్’ చూడ్డానికి ‘సింగ్’ చుట్టంలా ఉంటుంది గానీ కాదు. బై–బాట్, థింక్–థాట్ ఉన్న గుంపులో బ్రింగ్–బ్రాట్‌ను పెట్టండి.

రూపాలు వచ్చాక ఒక పొరపాటు కనిపెట్టి చూడండి. ‘నిన్న చూశాను’ అనడానికి ఫ్రెంచి పిల్లలు తమ భాషలోని ‘జే వ్యు’ (మాటకు మాట ‘ఐ హావ్ సీన్’) పద్ధతిలో ‘ఐ హావ్ సీన్ యెస్టర్‌డే’ అనేస్తారు. అక్కడ ‘ఐ సా’ అనాలి. అందుకే రెండో రూపాన్ని ఎప్పుడూ ‘యెస్టర్‌డే’తో కలిపే చెప్పించండి.